నీలి మూత, ఎర్ర మూత: మైనం డ్రమ్ములతో మూడు నెలలు

మార్చి 4

నిన్న మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ మా హెల్పర్ ఒకతను మిక్సింగ్ హాల్లో జారిపడ్డాడు. కుడి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. నేల మీద నూనె ఏమీ లేదు. ఉన్నది నీళ్లలో కలిపిన మైనం, మేం మైనం పాలు అంటాం. పొద్దున ఎవరో డ్రమ్ములోంచి జగ్గుతో తీస్తుంటే లీటరో రెండు లీటర్లో ఒలికింది. తడి మాపుతో తుడిచేశారు. చూడ్డానికి నేల శుభ్రంగానే ఉంది. నీళ్లు ఆరిపోయాక మైనం మాత్రం కంటికి కనపడని పొరలా నేలంతా పరుచుకుంది. తడి మాపు చేసిందల్లా ఒక చోట ఉన్నదాన్ని నాలుగు గజాల మేర పుయ్యడం.

మాది జీడిమెట్లలో చిన్న యూనిట్. అట్టపెట్టెల మీద వేసే నీటి వార్నిష్, చెక్క ఫర్నిచర్‌కి వేసే లక్కర్ చేస్తాం. రెండింటిలోనూ మైనం పడుతుంది. అది లేకపోతే పెట్టెలు లారీలో ఒకదానికొకటి రాసుకుని అచ్చు చెరిగిపోతుంది, బల్ల మీద గోరు తగిలినా గీత పడుతుంది. వార్నిష్ జారాలని వేసే సరుకు నేల మీద పడితే నేలని కూడా జారుస్తుంది. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లలో మాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం ఆస్పత్రి నుంచి వచ్చాక మా మిక్సింగ్ పెద్దాయన అన్నాడు, "మేడం, గది నీళ్లదే గదా అనుకున్నం. నీళ్లదైతే ఏమైతది అని." ఆ మాట రాత్రంతా తలలో తిరిగింది. ఓనర్ గారితో మాట్లాడి మూడు నెలలు అడిగాను. మైనం సరుకు మొత్తం, లోపలికి వచ్చే గేటు దగ్గర నుంచి ఖాళీ డ్రమ్ము బయటికి పోయే దాకా, ఎలా పట్టుకోవాలో మొదటి నుంచి చూస్తానని చెప్పాను. ఒప్పుకున్నారు.

మార్చి 6

స్టోరు లెక్క. అనుకున్నదానికంటే గజిబిజిగా ఉంది.

నీటి మైనం (నీళ్లలో కలిపింది, ఎమల్షన్ అంటారు) రెండు రకాలు: పాలిథిలీన్ మైనం ఎమల్షన్, కార్నౌబా అనే చెట్టు ఆకుల మైనం ఎమల్షన్. రెండూ 50 కిలోల నీలి ప్లాస్టిక్ డ్రమ్ముల్లో. సాల్వెంట్ మైనం ఒకటి: పాలిథిలీన్ మైనాన్ని జైలీన్ అనే మండే ద్రావకంలో చెదరగొట్టిన పేస్టు, ఇనుప డ్రమ్ముల్లో. ఇవి కాక టెఫ్లాన్ జాతి పీటీఎఫ్ఈ కలిపిన మెత్తటి మైనం పొడి, 20 కిలోల సంచులు.

డ్రమ్ముల్లో ఉన్నంత వరకు ఏది ఏదో తెలుస్తుంది. బయటికి తీశాకే ఇబ్బంది. రెండూ తెల్లగా ఉంటాయి. ఒకటి పాలలా, ఇంకోటి చిక్కటి మీగడలా. షెల్ఫ్ మీద పదిహేడు ప్లాస్టిక్ డబ్బాలు దొరికాయి. వాటి మీద మార్కర్‌తో "వ్యాక్స్", "వ్యాక్స్ 2", "పాతది". మూత తీసి వాసన చూస్తే తప్ప ఏది నీళ్లదో ఏది జైలీన్‌దో చెప్పలేని పరిస్థితి. వాసన చూడటమే చేయకూడని పని. పదిహేడింటినీ పక్కన పెట్టించాను. ఏవీ వాడటం లేదు.

మార్చి 9

సేఫ్టీ డేటా షీట్లు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్కో షీట్‌లో 16 విభాగాలుంటాయి. మా ఆఫీసు ఫైల్లో ఇవన్నీ ఎప్పటి నుంచో ఉన్నాయి, ఆడిట్ వచ్చినప్పుడు చూపిస్తాం. హాల్లో పనిచేసేవాళ్లలో ఒక్కరూ చూడలేదు.

నీటి ఎమల్షన్ షీట్ పైపైన చదివితే ధైర్యంగా ఉంటుంది. మంట పట్టదు, విషం కాదు. కానీ రెండో విభాగంలో చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది: బీఐటీ ఉంది, అలర్జీ కలిగించవచ్చు. బీఐటీ అంటే బెంజ్ఐసోథయాజోలినోన్. నీళ్లున్న ఏ సరుకులోనైనా బ్యాక్టీరియా పెరుగుతుంది కాబట్టి అది కుళ్లకుండా వేసే మందు. ఈ కుటుంబంలోనే సీఎంఐటీ, ఎంఐటీ అనే ఇంకో జంట ఉంది. యూరప్ నిబంధనల్లో ఆ మిశ్రమం 0.0015 శాతానికి చేరితే చాలు, చర్మానికి అలర్జీ చేసే సరుకు అని డబ్బా మీద వేయాల్సిందే. పది లక్షల పాళ్లలో పదిహేను పాళ్లు. అంత తక్కువ చాలు.

చదువుతుంటే ఒకరు గుర్తొచ్చారు. ఫిల్లింగ్ దగ్గర పనిచేసే అక్కకి ఏడాదిగా వేళ్ల సందుల్లో ఎర్రటి పొక్కులు, దురద, పగుళ్లు. ఇంట్లో బట్టల సబ్బు పడటం లేదేమో అనుకున్నాం. ఆమే అనుకుంది, నేనూ అనుకున్నాను. సెలవులకి ఊరెళ్తే తగ్గుతుందని, వచ్చాక మళ్లీ మొదలవుతుందని ఆమె రెండు సార్లు చెప్పింది. ఆ మాటలోనే జవాబు ఉంది, నేను పట్టించుకోలేదు. దీనికి నాకు చాలా బాధగా ఉంది.

రేపు చర్మ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఈ షీట్ ప్రింటు కూడా పట్టుకెళ్తాను. చర్మం మీద అంటించి అలర్జీ చూసే ప్యాచ్ టెస్ట్ ఏ రసాయనం పేరుతో చేయాలో డాక్టర్‌కి తెలియాలి కదా.

మార్చి 13

ఎర్ర పని మొదలైంది, అంటే సాల్వెంట్ మైనం.

జైలీన్ ఫ్లాష్ పాయింట్ తయారీని బట్టి 25 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటుంది. మా పేస్టు షీట్‌లో 27 అని ఉంది. ఆ వేడికి ద్రవం మీద ఉండే గాలిలో ఆవిరి ఎంత చేరుతుందంటే, నిప్పురవ్వ తగిలితే అంటుకునేంత. జైలీన్‌కి ఆ మోతాదు గాలిలో దాదాపు ఒక శాతం. మేం పలచన చేయడానికి వాడే థిన్నర్లో టోలీన్ ఉంది, దాని ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీలు. కాబట్టి థిన్నర్ డ్రమ్ము డిసెంబరు తెల్లవారుజామున కూడా అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది, ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు. దాని దగ్గర జాగ్రత్తగానే ఉంటారు. జైలీన్ పేస్టు దగ్గర ఉండరు. చిక్కగా ఉంటుంది, వాసన తక్కువ వస్తుంది, "మైనమే గదా" అంటారు.

చలిదేశంలో రాసిన షీట్ చదివేటప్పుడు మనం మన ఎండని కలుపుకోవాలి. అక్కడి గోడౌన్‌లో పదిహేను డిగ్రీలుంటే 27 అన్న అంకె కాస్త దూరంగా కనపడుతుంది. ఈరోజు మధ్యాహ్నం రెండింటికి మా రేకుల షెడ్డులో థర్మామీటర్ పెట్టాను: 38. ఇంకా మార్చే. ఈ ఊళ్లో ఏప్రిల్, మే, జూన్ మొదటి వారం పగలంతా ఆ డ్రమ్ము దాని ఫ్లాష్ పాయింట్ పైనే కూర్చుని ఉంటుంది.

ఇంకో సంగతి, ఈ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు. పైకి పోదు. నేల మీద పాకుతుంది, గుంటల్లో, కాలువల్లో చేరుతుంది. మా ఎగ్జాస్ట్ ఫ్యాన్లు రెండూ పైకప్పు దగ్గర ఉన్నాయి. డ్రమ్ము తీసే చోటుకి ఎనిమిది అడుగుల దూరంలో, నేలకి జానెడు ఎత్తులో, మామూలు స్విచ్‌బోర్డు ఉంది. దాన్ని ఈ సాయంత్రమే పీకించాను. ఫ్యాన్ కిందికి రావాలి, మోటార్ ఫ్లేమ్‌ప్రూఫ్ కావాలి. కొటేషన్ అడిగాను.

2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని పైన కాపురాలున్నవాళ్లు కనీసం తొమ్మిది మంది చనిపోయారు. ఆ రోజు టీవీలో చూస్తూ, ఇళ్ల కింద డ్రమ్ములు పెట్టడమేంటి అని అందరం అన్నాం. మా షెడ్డు గోడ అవతలే టీ బండి, దాని స్టవ్ ఉన్నాయి. డ్రమ్ముల వరసని ఆ గోడ నుంచి అవతలి చివరకు మార్పించాను. నాలుగు గంటలు పట్టింది.

మార్చి 17

స్టాటిక్ కరెంటు గురించి రోజంతా. నాకు అన్నిటికంటే భయం కలిగించింది ఇదే, అందుకే కాస్త వివరంగా రాసుకుంటున్నాను.

జైలీన్, టోలీన్ లాంటివి కరెంటుని సరిగా మోయలేవు. గొట్టంలో పారినా, పై నుంచి ధారగా పడినా వాటిలో చార్జ్ పుడుతుంది, పుట్టింది త్వరగా పోదు. ఇనుప డ్రమ్ము నుంచి ప్లాస్టిక్ బకెట్‌లోకి వంపితే ఆ చార్జ్ పోవడానికి దారి లేదు. చలికాలం స్వెటర్ విప్పేటప్పుడు చిటపటమనే రవ్వ లాంటిది చాలు.

మాకు ఎర్తింగ్ ఉంది. గోడకి రాగి పట్టీ, దాని నుంచి వైరు, చివర మొసలి క్లిప్పు. అందరూ శ్రద్ధగా తగిలిస్తారు కూడా. సాల్వెంట్ డ్రమ్ములన్నీ మూసి, హాలు ఖాళీ చేసి, ఫ్యాన్లు గంటసేపు తిప్పాక ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి చూశాడు. క్లిప్పు నుంచి పట్టీ వరకు బాగానే ఉంది. క్లిప్పు నుంచి డ్రమ్ము లోహానికి మాత్రం మీటర్ ఏమీ చూపించలేదు. డ్రమ్ము అంచు మీద మందంగా పెయింట్ ఉంది. క్లిప్పు పెయింట్‌ని పట్టుకుంది, ఇనుముని కాదు. ఇన్నాళ్లూ తగిలించిన వైరు డ్రమ్ముకి తగలనేలేదు.

"మేడం, మస్తు గట్టిగనే పట్టింది గదా," అని పెద్దాయన క్లిప్పు లాగి చూపించాడు. గట్టిగానే పట్టింది. నేను మీటర్ ఆయన చేతికే ఇచ్చాను. పెయింట్ గీకిన చోట పెట్టి ఒకసారి, గీకని చోట పెట్టి ఒకసారి చూశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే మిగతా డ్రమ్ముల దగ్గరికి నడిచాడు.

కొత్త క్లాంపులు వస్తున్నాయి, మొనదేలిన స్క్రూ ఉండేవి, పెయింట్‌ని చీల్చుకుని లోహంలో దిగుతాయి. డ్రమ్ముకి ఒకటి, తీసుకునే పాత్రకి ఒకటి, రెండూ ఒకే పట్టీకి. కొలిస్తే పది ఓంల లోపు రావాలి. వరస కూడా ముఖ్యం: మూత తీయకముందే క్లాంపు, మూత పెట్టాకే క్లాంపు తీయడం. మధ్యలో తీస్తే ఆ తీసే చోటే రవ్వ పుట్టవచ్చు. ప్లాస్టిక్ బకెట్లు, జగ్గులు సాల్వెంట్ పని చోట గీసిన ఎర్ర గీత లోపలికి రాకూడదు. గొట్టం పాత్ర అడుగు దాకా దిగాలి, మొదట్లో నెమ్మదిగా పారాలి. హవాయి చెప్పులు బంద్, యాంటీస్టాటిక్ బూట్లు ఆర్డర్ ఇచ్చాం.

మార్చి 24

ఉగాదికి రెండు రోజులు సెలవు పెట్టి ఊరెళ్లి వచ్చాను. ఫిల్లింగ్ అక్క ప్యాచ్ టెస్ట్ ఫలితం వచ్చింది. బీఐటీకే. ఒకసారి ఒంటికి పడనిదైతే జీవితాంతం పడదని, ఇకమీదట చిటికెడు తగిలినా వస్తుందని డాక్టర్ చెప్పారు. ఆమెని ప్యాకింగ్‌కి మార్చాం, జీతం అదే. ఇంట్లో వాడే కొన్ని గిన్నెల సబ్బులు, గోడ రంగుల్లో కూడా ఈ మందు ఉండొచ్చు కాబట్టి పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసిచ్చాను, కొనేటప్పుడు చూసుకోవడానికి.

ఇవాళ్టి పని మైనం పొడి.

లక్కర్‌లో మాట్ ఫినిష్ కోసం ఈ పొడిని సంచి కోసి నేరుగా థిన్నర్ ఉన్న ట్యాంకులో గుమ్మరిస్తున్నాం. మూడు ప్రమాదాలు ఒకే క్షణంలో కలిసే చోటు ఇది. పొడి ప్లాస్టిక్ సంచిలోంచి జారేటప్పుడు చార్జ్ పుట్టిస్తుంది. మూత తెరిచిన ట్యాంకులో టోలీన్ ఆవిరి ఉంది. గాలిలో లేచే మెత్తటి మైనం ధూళి కూడా స్వతహాగా మండేదే, తగినంత దట్టంగా లేస్తే పేలుతుంది. సంచి పట్టుకున్న మనిషి ముఖం సరిగ్గా ట్యాంకు నోటి మీద ఉంటుంది.

2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. అది వేరే సరుకు, వేరే యంత్రం. కానీ అక్కడ పనిచేసేవాళ్లు, ఇక్కడ పనిచేసేవాళ్లు ఒకే బస్తీల్లో ఉంటారు, ఒకే ఆటోల్లో వస్తారు. ఆ తర్వాత మా హాల్లో చాలా రోజులు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అందుకే ఓనర్ గారితో ఇవాళ కాస్త గట్టిగానే వాదించాను. పొడి కొని మేమే కలుపుకోవడం చవక. సాల్వెంట్‌లో ముందే కలిపి వచ్చే పేస్టు ఖరీదు. గంటసేపు లెక్కలు వేశాక, లక్కర్ వరకు పొడి ఆపేయడానికి ఒప్పుకున్నారు. ఉన్న సంచులు నీటి వార్నిష్‌లోకి వాడేస్తాం. అక్కడైనా ధూళి లేవకుండా నెమ్మదిగా, మాస్కుతో, ఎగ్జాస్ట్ కింద.

పొడి గురించి చాలామందికి తెలియని ఇంకో సంగతి. పీటీఎఫ్ఈ చేతులకి, జేబులోని బీడీలకి అంటుకుంటుంది. బీడీ వెలిగిస్తే ఆ నిప్పు వేడికి అది విడిపోయి పొగలో కలుస్తుంది. పీల్చిన కొన్ని గంటలకి చలిజ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీలో బిగుతు, అచ్చం ఫ్లూ వచ్చినట్టే. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. హాల్లోకి బీడీ కట్ట తేవద్దని, జేబులో పెట్టుకుని కూడా రావద్దని, బయట తాగే ముందు సబ్బుతో చేతులు కడగాలని చెప్పాను. ఒకతను వెంటనే అడిగాడు, "మేడం, పోయిన దసరా ముంగట నాకొచ్చిన జరం గదేనా?" తెలియదు అని నిజమే చెప్పాను. కానీ ఆయన ఆ నెలలో పొడి పని మీదే ఉన్నాడు.

ఏప్రిల్ 2

ఒలికితే ఏం చేయాలి, పరీక్ష పెట్టాం. పాత సిమెంటు గచ్చు మీద నాలుగు చోట్ల అర లీటరు చొప్పున నీటి మైనం పోసి, ఇసుక, రంపపు పొట్టు, వరి ఊక, కాటన్ వేస్టు వేసి చూశాం. రంపపు పొట్టు బాగా పీల్చింది. ఊక పైపైనే తేలింది, ఇసుక ఎక్కువ వేయాల్సి వచ్చింది కానీ ఊడ్చాక గచ్చు పొడిగా వచ్చింది. ఎలా ఎత్తినా చివర్లో పల్చటి పొర మిగులుతుంది. దానికి వేడినీళ్లు, డిటర్జెంట్, గట్టి బ్రష్. తర్వాత బూటుతో తొక్కి చూసి, జారకపోతేనే ఆ చోటు చుట్టూ అడ్డంగా కట్టిన తాడు తీయాలి. నీళ్లు మొదట కాదు, చివర. ఈ వరస తారుమారైనందుకే మార్చి 3న ఆ అబ్బాయి పడ్డాడు.

ఎర్ర సరుకు ఒలికితే రంపపు పొట్టు వద్దు. అది మండేదే. ఇసుక లేదా ఎండు మట్టి, రవ్వ రాని పార, మూత ఉన్న ఇనుప పీపా.

రెండిటికీ ఒకటే నియమం ఏంటంటే మొదట కాలువ నోరు మూయడం. నీటి మైనం కాలువలో పడితే పాలలా పోతుందిలే అనుకుంటాం. ఆమ్లం ఉన్న నీళ్లో, ఉప్పు నీళ్లో కలిసిన చోట ఎమల్షన్ విరిగిపోతుంది, నిమ్మరసం పడ్డ పాలలాగే. గడ్డలు గడ్డలుగా మైనం పైపుల్లో పేరుకుంటుంది. మా కలెక్షన్ గుంటలో పాత పైపు ముక్క ఒకటి కోయించి చూశాను, సగం దాకా పసుప్పచ్చ మైనం. ఇసుక నింపిన పొడవాటి సంచులు నాలుగు కుట్టించి కాలువ పక్కనే పెట్టాం.

ఏప్రిల్ 9

సేఫ్టీ షీట్లలో ఉన్నది హాల్లో వాళ్లకి అర్థమయ్యేలా తెలుగు కాగితం రాయడం. అన్ని పనుల్లోకి ఇది తేలిక అనుకున్నాను, వారం పట్టింది.

ఫ్లాష్ పాయింట్‌కి పుస్తకాల్లో జ్వలన స్థానం అని ఉంటుంది. హాల్లో చదివి వినిపిస్తే ఎవరికీ అందలేదు. పెద్దాయనే చెప్పాడు: "అంటుకునే ఎండ అని రాయున్రి." అంటుకునే ఎండ: 27. దాని పక్కన షెడ్డు థర్మామీటర్. ఇప్పుడు ఎవరైనా రెండు అంకెలు పక్కపక్కన చూసుకోవచ్చు. సెన్సిటైజర్ అన్నదానికి "ఒకసారి పడకపోతే ఇక ఎప్పుడూ పడదు" అని రాశాను. స్థలం ఎక్కువ పట్టినా సరే.

మింగితే వాంతి చేయించొద్దు, ఇది ఎర్ర సరుకు కాగితం మీద అన్నిటికంటే పెద్దగా రాయించాను. మన ఇళ్లలో ఏది మింగినా ఉప్పునీళ్లు తాగించడం అలవాటు. సాల్వెంట్ పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారితే కడుపులో ఉన్నదానికంటే ఎక్కువ హాని. నేరుగా ఆస్పత్రికే, డబ్బా మీది లేబుల్‌తో సహా.

ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన తమ్ముళ్లు ఆరుగురున్నారు. వాళ్లకి హిందీలో ఇంకో కాగితం. చదవలేనివాళ్ల కోసం రంగు: నీటి సరుకుకి నీలి మూత, సాల్వెంట్ సరుకుకి ఎర్ర మూత, తీసిన డబ్బాకీ అదే రంగు మూత. రంగు లేని డబ్బా దొరికితే తెరవకుండా నా దగ్గరికి తేవాలి.

ఏప్రిల్ 21

గ్లవ్స్. నీలి పల్చటి నైట్రైల్ గ్లవ్ వేలు ఒకటి కత్తిరించి థిన్నర్ గ్లాసులో వేశాను. టీ తాగి వచ్చేసరికి ఉబ్బి మెత్తబడిపోయింది. అందరికీ చూపించాను. అవి నీటి మైనానికి సరిపోతాయి, సాల్వెంట్ తుంపర పడితే వెంటనే మార్చుకునే మాటైతే పర్లేదు, చేయి ముంచే పనికి కాదు. పీవీఏ గ్లవ్స్ టోలీన్‌కి ఆగుతాయి కానీ నీళ్లు తగిలితే పాడవుతాయి, మా దగ్గర ఒకే మనిషి రెండు డ్రమ్ముల దగ్గరా తిరుగుతాడు. చివరికి పొరలు పొరలుగా ఉండే లామినేట్ గ్లవ్స్ లోపల, పట్టు కోసం పైన నైట్రైల్. మాస్కు సంగతి క్లుప్తంగా: ఎన్-95 ధూళికి, కార్ట్రిడ్జ్ మాస్కు ఆవిరికి. ఒకటి ఉంది కదా అని రెండో పని చేయదు.

మే 6

షెడ్డులో 43.

నీలి డ్రమ్ముల్లో రెండు విడిపోయాయి. పైన మీగడలా గట్టి పొర, కింద పల్చటి నీళ్లు. షీట్‌లో 5 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంచాలని ఉంది. మంచు గడ్డకట్టే బాధ మనకి లేదు కానీ పై అంకె దగ్గర ప్రతి ఏడూ దెబ్బ తింటాం. మిగిలినవన్నీ ఆఫీసు వెనక ఈశాన్యం గదిలోకి మార్చాం, అక్కడ 33 దాటడం లేదు. విడిపోయిన రెండింటిలో ఒకటి నెమ్మదిగా కలిపితే కలిసింది, జల్లెడ పట్టాక వాడొచ్చు. ఇంకోదాని మూత తిప్పగానే సన్నగా బుస్సుమంది, పుల్లటి కుళ్లు వాసన. మందు అయిపోయి బ్యాక్టీరియా పట్టింది. దాన్ని కలపొద్దు, వాడొద్దు, వేస్టు లెక్కలోకి రాశాను.

ఎర్ర డ్రమ్ముల మూతలు ఉబ్బాయి. ఎండలో లోపల ఒత్తిడి పెరుగుతుంది. చిన్న బిరడా పావు తిప్పు తిప్పి, గాలి పోయాక మాత్రమే మిగతాది. ముఖం పక్కకి పెట్టుకుని. ఇది నోటితో చెప్పేకంటే చేసి చూపించడమే మేలని ప్రతి ఒక్కరితో ఒకసారి తిప్పించాను.

చలికాలంలో పేస్టు గట్టిపడితే డ్రమ్ము కింద స్టవ్ పెట్టి కరిగించిన రోజులున్నాయట, నేను రాకముందు. పెద్దాయన ఇవాళ చెప్పాడు. విన్నప్పుడు చేతులు చల్లబడ్డాయి. కాగితంలో ఆ వాక్యం కూడా చేర్చాను.

మే 19

మాక్ డ్రిల్. కంట్లో పడ్డట్టు, పదిహేను నిమిషాలు కడగాలి అన్నట్టు. మధ్యాహ్నం మూడింటికి పెట్టాను, మామూలుగా అందరూ పొద్దునే పెడతారు.

కళ్లు కడుక్కునే నల్లా, ఐవాష్, నొక్కగానే ముందు నేనే చేయి పెట్టాను, వెనక్కి తీసేశాను. నీళ్లు కాలుతున్నాయి. డాబా మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు, అక్కడి నుంచి గోడ బయట ఎండలో ముప్పై అడుగుల పైపు. థర్మామీటర్ 51 చూపించింది. ఐవాష్ నీళ్లు 16 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. కంట్లో సాల్వెంట్ పడ్డవాడు ఆ నీళ్ల కింద పదిహేను సెకన్లు కూడా ఉండలేడు. ప్రతి నెలా చెక్‌లిస్టులో "ఐవాష్ పనిచేస్తోంది" అని టిక్ పెట్టింది నేనే.

వెంటనే చేసింది: లోపల నీడలో 200 లీటర్ల ట్యాంకు, దాని నుంచి చిన్న పైపు, రోజూ ఉదయం కొత్త నీళ్లు. వారంలో శాశ్వత లైను నేల కింద నుంచి వస్తుంది. ఈ మధ్యాహ్నం మూడు గంటల పరీక్ష ఇక ప్రతి వేసవి ఉంటుంది.

జూన్ 3

వేస్టు వెళ్లింది. పదిహేడు పేరులేని డబ్బాలు, కుళ్లిన డ్రమ్ము, పీల్చిన ఇసుక, రంపపు పొట్టు, అన్నీ విడివిడిగా లేబుల్ వేసి, మానిఫెస్టు (వేస్టు వెంట పంపే కాగితం) రాసి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి. ప్రమాదకర వ్యర్థాల 2016 నిబంధనల ప్రకారం మా దగ్గర తొంభై రోజులకు మించి ఉంచకూడదు, 89వ రోజుకి పంపగలిగాం.

మిగిలింది ఖాళీ డ్రమ్ములు. ఖాళీ ఎర్ర డ్రమ్ము నిండు డ్రమ్ముకంటే ప్రమాదం. నిండుదాంట్లో గాలికి చోటు తక్కువ. ఖాళీదాంట్లో అడుగున మిగిలిన రెండు గ్లాసుల పేస్టు నుంచి వచ్చే ఆవిరి, చాలినంత గాలి, రెండూ ఉంటాయి. అలాంటిదాన్ని పైన కోసి తొట్టి చేయడానికి గ్యాస్ కట్టర్ పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇకమీదట వీటిని పాత సామాను కొనే అతనికి ఇవ్వడం లేదు. అనుమతి ఉన్న రీసైక్లర్‌కే.

నీలి డ్రమ్ముల దగ్గరే మనసు ఆగిపోయింది. చేయి విరిగిన అబ్బాయి పోయిన వారం పనిలోకి వచ్చాడు. ఇవాళ సాయంత్రం నా టేబుల్ దగ్గర నిలబడి, "మేడం, ఒక నీలి డ్రమ్ము ఇయ్యరాదున్రి? బస్తీల నల్లా మూడు రోజులకొకసారి ఒస్తుంది. కడుక్కుని నీళ్లు పట్టుకుంట," అని అడిగాడు. ఎన్నేళ్లుగానో అలా ఇస్తూనే ఉన్నామట. స్టోరు రిజిస్టర్‌లో వెతికితే లెక్క కూడా లేదు.

ఆ ప్లాస్టిక్ మైనాన్ని, మందుని పీల్చుకుని ఉంటుంది, ఎంత కడిగినా తాగే నీళ్లకి పనికిరాదని చెప్పాను. చాలా డ్రమ్ములు ఇప్పటికే మీ గల్లీలో ఉన్నాయా అని అడిగితే, వేళ్లు మడిచి లెక్కపెట్టి, తనకి తెలిసినవి నాలుగిళ్లు అన్నాడు. ఓనర్ గారితో మాట్లాడాను. కొత్త నీళ్ల డ్రమ్ములు ఐదు కొంటున్నాం, ఆ నాలుగిళ్లకి, ఇతనికి. ఆదివారం అతనితో కలిసి వెళ్లి పాతవి వెనక్కి తెస్తాను.

షెడ్డు వెనక ఇంకా పదకొండు ఖాళీ నీలి డ్రమ్ములున్నాయి. రీసైక్లర్ బండి శుక్రవారం వస్తుంది. రేపు పొద్దున షిఫ్టు మొదలవకముందే ఒక్కోదానికి అడుగున డ్రిల్లుతో నాలుగేసి రంధ్రాలు వేయించాలి.